మీనాంబరి కడుపులో మరచెంబు

నేల మీది సంగతులు అయిపోయాయి. ఇక్కణ్ణించి కథ ఆకాశంలో నడుస్తుంది గనక, కాస్త కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. కింద పట్టు లేదు.

తామ్రకూట రాజకుమారుడు సుధన్వుడు స్వాతి చుక్క మీద దిగాడు. అక్కడి జీవమడుగులో మరచెంబునిండా నీళ్ళు ముంచుకుని, మూత గట్టిగా తిప్పి బిగించాడు. మడుగుకి కాపలా ఉన్న మూడు తలల కప్పని ఎలా ఏమార్చాడో చెప్పాలంటే మూడు రోజులు కావాలి. అతని చేతిలో ఉన్నవీ మూడు రోజులే, ఆ తరవాత అమావాస్య.

అమావాస్యతో పనేమిటంటే, తామ్రకూటంలో అతని చెల్లెలు మంజువాణి రాయై నిలబడి ఉంది. నిండుకొలువులో ఉల్కాక్షుడనే మాంత్రికుడు మీసం దువ్వి మంత్రం మొదలుపెట్టబోతూ తుమ్మాడు. తలపాగా ఎగిరి సాంబ్రాణి కుంపట్లో పడింది. సభంతా నవ్వు మింగింది. ఆ పిల్ల ఒక్కతీ మింగలేకపోయింది. ఉల్కాక్షుడు గిర్రున తిరిగి ఆమె వంక చూశాడు. వాడి కళ్ళలో రెండు ఉల్కలు మండుతూ ఉంటాయి, వాడు కోపంగా చూస్తే చూసింది చూసినట్టు రాయైపోతుంది. మంజువాణి నవ్వుతూ నవ్వుతూనే నల్లరాయైంది. పై పళ్ళు ఆరు కనిపిస్తున్నాయి, కుడిబుగ్గన సొట్ట కూడా ఉంది. అమావాస్యలోపు జీవమడుగు నీళ్ళు ఆ రాతి మీద చల్లితే ఆ నవ్వు పూర్తవుతుంది. లేకపోతే లేదు.

స్వాతి రేవునించి తామ్రకూటం వైపు వచ్చే ఓడ ఒక్కటే. పేరు మీనాంబరి. కొయ్య ఓడ కాదు, రాతి ఓడ. ఎప్పుడో ఆకాశంలో తేలుతున్న కొండంత రాయిని ఏడువందలమంది శిల్పులు అరవై ఏళ్ళు తొలిచి చేపగా మలిచారు. తొలిచిన పొడి కుప్ప పోస్తే అదే ఇంకో కొండైంది, దాని మీద ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. వీపు మీద పట్టు రెక్కలు కడితే చుక్కల గాలికి చేప హాయిగా ఈదుకుంటూ పోయేది.

బయట ఎంత అందమో లోపల అంత గందరగోళం. నోరే సింహద్వారం, కింది పళ్ళ వరసే మెట్లు. నోరు దాటితే గొంతు. గొంతంటే నడవ, అంబారీతో ఏనుగు నడిచిపోవచ్చు. గొంతు మొదట్లోనే కుడివైపు మెలికల మెట్లెక్కితే కంటిగది. అక్కడ రథచక్రాలంత స్ఫటికపు కళ్ళు రెండు, వాటి మధ్య చుక్కాని పిడి, దాని ముందు సరంగు కూర్చునే పీట. గొంతు దాటాక పక్కటెముకలు, అటు పన్నెండు, ఇటు పన్నెండు. ఎముకకో గది, గదికి ఆరు ఉయ్యాల మంచాలు. తలుపులు లేవు, తెరలే. ఎవరి గురక ఎవరిదని తెల్లారగానే పంచాయితీ. ఎముకల తరవాత కడుపు, అదే వంటశాల, అదే భోజనశాల, తొమ్మిది పొయ్యిలు. స్నానాల గదులు తోకలో ఉన్నాయి. తోక ఊగినప్పుడల్లా సున్నిపిండి ఒకవైపు పోయేది, మనిషి ఒకవైపు పోయేవాడు.

శిల్పులు ఒక్కచోట తప్పు చేశారు. పొయ్యిల పొగ పోవడానికి తొలిచిన గొట్టం వెళ్ళి వెళ్ళి సరిగ్గా కంటిగదిలో తేలింది. అరవై ఏళ్ళు చెక్కినవాళ్ళని మళ్ళీ చెక్కమనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందుకని మిరపకాయలు వేయించే ముందు వంటశాలలో గంట రెండుసార్లు కొట్టాలి. అది వినగానే సరంగు తడిగుడ్డ కళ్ళకి కట్టుకుంటాడు. ఆ కాసేపు ఓడ గుడ్డిగా పోతుంది. పోపు వేసిన రోజు ఆమడో రెండామడలో పక్కకి జరిగేది. సంవత్సరానికి సరిపడా కారం దంచిన రోజున ఏకంగా వేరే రాజ్యంలో తేలింది. పది రోజులు అక్కడ పెళ్ళిభోజనాలు తిని వచ్చారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది గంగాళం. కడుపు అడుగున, ఓడ రాతిలోనే తొలిచిన నీళ్ళ తొట్టి. ఓడ ఎక్కినవాళ్ళెవరైనా సరే, తమ దగ్గరున్న నీళ్ళు చుక్క మిగలకుండా అందులో పొయ్యాలి. తరవాత రాజైనా రజకుడైనా పూటకి మూడు ముంతలే. సరంగు గున్నయ్య తాత కాలంలో ఒక పెద్దమనిషి మంచం కింద నాలుగు కూజాలు దాచుకున్నాడట. గాలి పడిపోయి ఓడ నెల్లాళ్ళు కదలకపోతే పదకొండుగురు గొంతెండి పోయారు. వాళ్ళ పేర్లు గంగాళం అంచు మీద చెక్కి ఉన్నాయి. ముంత ముంచే ప్రతి చెయ్యీ ఆ పేర్లకి తగలాల్సిందే.

సుధన్వుడికి ఈ కట్టడి తెలుసు. చెంబులో ఉన్నదేమిటో చెబితే ఒప్పుకుంటారేమో కూడా. కానీ ఉల్కాక్షుడి మనుషులు ప్రతి రేవులోనూ ఉంటారు, చెప్పిన మాట ఎవరి చెవిలో పడుతుందో తెలీదు. అందుకే మాసిన పంచె కట్టి, మొహానికి మసి పూసి, పైడన్న అని పేరు చెప్పి వంటశాలలో పనికి కుదిరాడు. పెద్ద బూడిద గుమ్మడికాయకి తొడిమ దగ్గర గుండ్రంగా కోసి, గుజ్జు తీసి, చెంబు లోపల పెట్టి, మైనంతో మళ్ళీ అతికించాడు.

వంటశాలకి పెద్ద దిక్కు సింగారమ్మ. గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ తొమ్మిది పొయ్యిలూ ఆమె గరిట చప్పుడు వినే మండుతున్నాయి. ఆమె గుమ్మడికాయ మీద చెయ్యి వేసినప్పుడల్లా సుధన్వుడు మధ్యలో దూరి ఆనపకాయ అందించాడు. మొదటి రోజు పొద్దున ఆనపకాయ పులుసు, మధ్యాహ్నం ఆనపకాయ పప్పు, సాయంత్రం ఆనపకాయ హల్వా. రెండో రోజు పొద్దున్నే ఇరవైనాలుగు గదులూ తిరగబడ్డాయి. వాళ్ళకి ముందు నిలబడ్డవాడు ఏడో ఎముక గదిలోని బైరాగి. వ్రతమని కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని తిరిగేవాడు. ఆ గుడ్డతో రెండు రోజుల్లో ఒక్క మంచానికీ తగుల్కోలేదు, ఒక్క మెట్టూ తప్పలేదు. ఎవరూ అది పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

సుధన్వుడు తోకవైపు కట్టెలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి గుమ్మడికాయ రెండు చెక్కలై ఉంది. మధ్యలో మరచెంబు తళతళలాడుతోంది.

"ఏటిరా పైడన్నా ఇది," అంది సింగారమ్మ. ఆమె గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువగా ఉంది. "కాయ కోస్తే గింజలు రావాల గానీ సెంబు వొస్తదేటి."

గంట కొట్టారు. జనమంతా కడుపులో చేరారు. కంటిగదిలోంచి సరంగు గున్నయ్య దిగివచ్చాడు. ఎండిన చింతబరికెలాంటి మనిషి, గట్టిగా మాట్లాడ్డం ఎరగడు. సుధన్వుణ్ణి గంగాళం దగ్గరికి తీసుకెళ్ళి, అతని చెయ్యి పట్టుకుని అంచు మీద పెట్టాడు.

"పదకొండు పేర్లున్నాయి. సదువు."

సుధన్వుడు చదివాడు. పదకొండోది ఏడాది పాప పేరు. చదివి, మొహం మీది మసి తుడుచుకుని, ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తానెవరో, చెల్లెలెలా ఉందో, రేపు సాయంత్రంతో గడువెలా తీరిపోతుందో అన్నీ చెప్పాడు. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు తన కుడిబుగ్గ మీద వేలు పెట్టి సొట్ట ఎక్కడో చూపించాడు. జనం మెత్తబడ్డారు. సింగారమ్మ ముక్కు చీదింది. సరంగు చెంబుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడిపోయాడు.

అప్పుడు బైరాగి గొంతు సవరించుకున్నాడు. దాహమేసిన ప్రతివాడికీ ఒక చెల్లెలుంటుందని, పూర్వం కూజాలు దాచిన పెద్దమనిషి కూడా ఏదో ఒక కథ చెప్పే ఉంటాడని నింపాదిగా అన్నాడు. ఆ మాట గదిగదికీ పాకింది. అవును మరి, అన్నారు కొందరు. ఆనపకాయ తిన్న కడుపులు తొందరగా అవుననేశాయి.

సరంగు తల వంచుకున్నాడు. "బాబుగారూ, నువ్వు సెప్పింది నిజమే అవ్వొచ్చు. ఒక్క సెంబుకి సందిస్తే రేపు ప్రెతి మంచం కిందా ఒక సెంబుంటది. నాను మా తాతకేటి సెప్పుకోను."

సుధన్వుడు ముందుకి దూకాడు. ఆరుగురు కళాసీలు పట్టుకున్నారు. నలుగుర్ని విదిలించుకున్నాడు గానీ ఈలోపే చెంబు మూత తిరిగింది. నీళ్ళు సన్నటి వెన్నెల ధారలా గంగాళంలో పడ్డాయి.

పడ్డాయా, చప్పుడు లేదు. నీళ్ళలో నీళ్ళు పడితే బుడబుడమనాలి కదా, అనలేదు. గంగాళం గుటకేసింది.

ఏనుగు మునిగే తొట్టెడు నీళ్ళు చూస్తుండగానే ఇంకిపోయాయి. అడుగు రాయి ముందు బూడిదరంగయింది, తరవాత గులాబిరంగయింది. ఎక్కడో దూరంగా, నగారా మీద ఒక్క దెబ్బ వేసినట్టు, ధుం అంది. కాసేపాగి మళ్ళీ ధుం. కాళ్ళ కింద నేల వెచ్చబడింది. చెప్పుల్లేనివాళ్ళు ముందు గంతులేశారు.

జీవమడుగు నీళ్ళు రాతి మీద పడితే ఏమవుతుంది. రాయి బతుకుతుంది. అందులో ఆడపిల్ల రాయి, చేప రాయి అనే తేడా ఉండదు.

మీనాంబరి ఒళ్ళు విరుచుకుంది. ఇరవైనాలుగు ఎముకలూ ఒక్కసారి విచ్చుకుని ఒక్కసారి దగ్గరయ్యాయి, ఉయ్యాల మంచాలు గూటిలోని పిచ్చుకల్లా ఎగిరాయి. గొంతు నడవ ఏనుగు పట్టేదల్లా ఎలుక పట్టేంత ఇరుకైంది, మళ్ళీ వెడల్పైంది. తెరలన్నీ చేప ఊపిరి తీస్తే లోపలికీ వదిలితే బయటికీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తోకలో స్నానం చేస్తున్నవాళ్ళ సంగతి అడక్కండి. ఒకాయన సున్నిపిండితో సహా వచ్చి భోజనశాలలో పడ్డాడు.

సరంగు మెలికల మెట్లు పాక్కుంటూ కంటిగదికి పోయాడు. సుధన్వుడు వెనకే పోయాడు. చుక్కాని పిడి మెత్తటి మృదులాస్థి అయిపోయి చేతిలో జారిపోతోంది. స్ఫటికపు కళ్ళలో నల్లగుడ్లు కదులుతున్నాయి. అవి చూస్తున్నవైపు చూస్తే ఎదురుగా స్వాతి చుక్క. మీనాంబరి ఏ నీళ్ళతో పుట్టిందో ఆ నీళ్ళ వైపు తల తిప్పేసుకుంది. తామ్రకూటం తోకవైపుకి పోయింది.

గున్నయ్య పీట మీద కూలబడ్డాడు. తన చేతులతోనే చేశానన్న మాట అతని మొహం మీదే రాసి ఉంది. సుధన్వుడు తిట్టలేదు, తిట్టడానికి సమయం లేదు. ఒక్కటే అడిగాడు.

"సరంగుగారూ, ఇది తాగిన నీళ్ళు తిరిగి ఎక్కడ బయటికొస్తాయి?"

 చేపకి చెమట పట్టదన్నాడు గున్నయ్య. సమాధానం పొగగొట్టంలోంచి వచ్చింది. కింద వంటశాలలో ఏం మాట్లాడినా పైకీ, పైన ఏం మాట్లాడినా కిందికీ వినిపించడం ఆ గొట్టానికి అలవాటు.

"కంట్లోంచి వొస్తాయి బాబూ," అంది సింగారమ్మ గొంతు. "ముప్పై ఏళ్ళయ్యి సూత్తన్నాను. నా పొయ్యి ముంగిట ఏడవని పేనం లేదు. సెంబట్టుకుని కంటి కాడే ఉండు."

గంట రెండుసార్లు మోగింది. ఓడ ప్రాణమొచ్చి గిజగిజలాడుతున్నా ఆ మనిషి పద్ధతి తప్పలేదు. గున్నయ్య అలవాటుకొద్దీ తడిగుడ్డ కట్టుకున్నాడు, ఒక ముక్క చింపి సుధన్వుడికీ ఇచ్చాడు. సుధన్వుడు ముక్కుకి కట్టుకున్నాడు గానీ కళ్ళకి కట్టుకోలేదు. చుక్క రాలితే కనిపించాలి కదా.

కింద సింగారమ్మ తొమ్మిది పొయ్యిల మీద తొమ్మిది మూకుళ్ళు పెట్టి, ఆరు బస్తాల ఎండుమిరపకాయలు గుమ్మరించింది. పొయ్యిలు కాళ్ళ కింద కదులుతున్నాయి, మూకుళ్ళు జారుతున్నాయి, ఒక కాలితో ఒకటి ఆపుతూ ఒక చేత్తో ఇంకొకటి తిప్పుతోంది. మొదటి ఘాటు లేవగానే తెర చీల్చుకుని బైరాగి వచ్చాడు. గొట్టంలోని మాటలు వాడూ విన్నాడు. పొయ్యిలు ఆర్పమన్నాడు. సింగారమ్మ గంట కొట్టడమైపోయింది, ఇంక ఆగదంది.

వాడు నల్లగుడ్డ లాగేశాడు. దాని కింద రెండు ఉల్కలు భగ్గుమన్నాయి. ఉల్కాక్షుడు చూసిన మొదటి చూపుకి ఆమె చేతిలోని గరిట రాయైపోయింది. అది ఆమె అత్తగారిచ్చిన గరిట.

ఆ తరవాత ఉల్కాక్షుడు ఎవరైతే ఆమెకేం. ఎదురుగా ఉన్న చేట తీసుకుని తొమ్మిది మూకుళ్ళ పొగనీ ఒక్క విసురుతో వాడి మొహం మీదికి తోసింది. లోకాన్ని రాయి చేసే కళ్ళు. రెప్పలు ముయ్యకుండా చూస్తే తప్ప వాటి విద్య పారదు. ఆ పొగలో రెప్పలు ముయ్యకుండా ఎవరుంటారు. రెండు కళ్ళూ ఇంతింత పూరీల్లా ఉబ్బి మూసుకుపోయాయి. వాడు గోడలు తడుముకుంటూ, ఎముకలకి గుద్దుకుంటూ, గొంతువైపు పరిగెత్తాడు. బైరాగి వేషంలో ఒక్కసారీ తగుల్కోనివాడు ఇప్పుడు అన్నిటికీ తగుల్కున్నాడు.

పొగ కంటిగదికి చేరింది. చేపకన్ను ఎర్రబడింది, నిండింది, అంచులో వెన్నెలలాంటి ఒక నీటిబొట్టు తయారైంది. బొట్టంటే బిందెడుంటుంది. సుధన్వుడు కంటిమూలకి ఎగబాకి చెంబు పట్టాడు. అతని కళ్ళలోంచి కూడా ధారలే. ఏది చేప కన్నీరో ఏది తనదో కలిసిపోకుండా మొహం పక్కకి తిప్పుకుని పట్టాడు. ఒక్క నిమిషంలో చెంబు నిండింది. మూత బిగించాడు.

అప్పుడు చేప ఊపిరి పీల్చింది. మామూలుగా కాదు. ఇరవైనాలుగు తెరలూ ఒక్కసారి లోపలికి వాలిపోయాయి, మూకుళ్ళు కడుపు వెనక్కి దొర్లాయి. గున్నయ్యకి ముందు అర్థమైంది.

"తుమ్ముద్ది," అన్నాడు. "బాబూ, గొంతులోకి దిగకు."

అప్పటికే సుధన్వుడు దిగాడు. సింగారమ్మ ఎలా ఉందో చూద్దామని మెలికల మెట్ల చివర అడుగు పెట్టాడు. చీకట్లో తడుముకుంటున్న ఒక చెయ్యి అతని నడుముకి చుట్టుకుంది. ఉల్కాక్షుడి పట్టు ఉడుముపట్టు. రెండో చెయ్యి చెంబు కోసం వెతుకుతోంది.

తుమ్ము రావడానికి ముందు ఒక క్షణం అన్నీ ఆగిపోతాయే, ఆ క్షణం అది. సుధన్వుడు వదిలించుకోవడానికి చూడొచ్చు, లేదా చెంబు కాపాడుకోవచ్చు, రెండూ కుదరవు. మెట్ల పైకి చూశాడు. కళ్ళ గుడ్డ విప్పుకుని గున్నయ్య చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ఇందాకటిదాకా అయితే ఆ చేతుల్లో చెంబు పెట్టేవాడు కాదు. ఇప్పుడు విసిరాడు.

గున్నయ్య పట్టుకున్నాడు.

మీనాంబరి తుమ్మింది. గొంతులో ఉన్న గాలీ, మిరప పొగా, రాజకుమారుడూ, మాంత్రికుడూ, ఎవరివో పదిహేను జతల చెప్పులూ నోట్లోంచి ఒక్కపెట్టున ఆకాశంలోకి ఎగిరిపోయాయి.

చేప ముక్కు స్వాతివైపుంది గదా. తుమ్ము ముందుకి పోతే చేప వెనక్కి పోవాలి. పోయింది. ఒక్క తుమ్ముకి నూరామడలు, తోక ముందుగా, తామ్రకూటం వైపు. గున్నయ్య ఆ లెక్క కట్టుకోడానికి రెప్పపాటు పట్టింది. గొట్టంలో నోరు పెట్టి, మిరపకాయలు ఎన్ని బస్తాలు మిగిలాయో అడిగాడు. మూడున్నాయని జవాబొచ్చింది. ఆపకుండా వేయించమన్నాడు. కిందనించి ఎవరో, సరంగుగారూ ఆ చెంబులో నీళ్ళు గంగాళంలో పొయ్యరా అని అడిగారు, అంత గొడవలోనూ.

గున్నయ్య తలగుడ్డ విప్పి చెంబుని తన నడుముకి మూడు చుట్లు కట్టుకుని, ముడి మీద ముడి వేశాడు.

"ఇవి నీల్లు కావు. ఆ బాబు సెల్లెలు," అన్నాడు. "దీని మీద సెయ్యేసినోడు ముందు నా మీద సెయ్యెయ్యాల."

కింద, కింద అంటే ఎంత కిందో చెప్పలేనంత కింద, సుధన్వుడు పడుతున్నాడు. నడుముకి ఉల్కాక్షుడు వేలాడుతున్నాడు. పైన మీనాంబరి ఇంకో తుమ్ము తుమ్మి ఇంకో నూరామడలు వెనక్కి పోవడం చూశాడు. నోటినిండా మిరపఘాటుతో, కన్నీళ్ళు కారుతుండగా, తోక ముందుగా ఇంటికి పోతున్న అంత పెద్ద ఓడ. అతనికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి చూశాడు, కుదర్లేదు. వాళ్ళింట్లో అందరికీ అంతే.

"ఎందుకు నవ్వుతున్నావు," అని ఉల్కాక్షుడు అరిచాడు. వాడి ఉబ్బిన రెప్పల సందులోంచి సన్నటి నిప్పుగీత ఒకటి కనిపించింది. మంట తగ్గుతోంది.

మేఘం ఒకటి చీలింది. దాని కింద పచ్చటి లోయ, లోయ నిండా మనుషులు, వేలమంది. ఒక్కరూ కదలడం లేదు. అందరూ రాళ్ళే, ఉల్కాక్షుడి చూపు తగిలినవాళ్ళే. అందరి మొహాలూ పైకెత్తి ఉన్నాయి. వాళ్ళ నడుమ ఒక్క రాతి పీఠం మాత్రం ఖాళీగా, ఎవరికోసమో తుడిచి పెట్టినట్టుగా మెరుస్తోంది. సుధన్వుడు సరిగ్గా దానివైపే పడుతున్నాడు, ఇంకా నవ్వుతూనే.